గా యూనియన్ ఏ బాయిది?

గోదావరిఖనిలో నాలాంటి పేపర్ పిచ్చోడు ఇంకొకడు లేడని మా ఆవిడ అంటుంది. మెచ్చుకోలు కాదది. మోకాలు అరిగి, బొగ్గుబాయిలోకి వాలు దిగలేక, షిఫ్టు అయ్యాక ఎక్కలేక నానా తిప్పలు పడుతున్న రోజుల్లో కూడా నా ఫికరంతా ఐరోపా మీదే. లోపలి పని తప్పించి సర్ఫేస్ మీద డ్యూటీ ఇప్పించమని మా బాయి యూనియన్ సెక్రటరీని బతిమాలుకుని ఉన్నాను. ఆయన మేనేజర్‌తో ఒక్క మాట చెబితే పనైపోతుంది. అంతవరకు రోజూ యూనియన్‌ను తిట్టే నోరు మూసుకుని కూర్చోవాలి కదా! కూర్చుంటే నేను నేనెందుకవుతాను?

ఒక పొద్దున బాయి గేటు ముందరి చాయ్ హోటల్లో పేపర్ చదివి మా షిఫ్టు వాళ్లకు వివరిస్తున్నాను. ఐరోపా దేశాలు కలిసి ఒక యూనియన్ పెట్టుకున్నాయి. అందులో ఒక చిన్న దేశం. దాని ప్రధాని యూనియన్ ఇచ్చే నిధులు తీసుకుంటాడు, ఇంటికొచ్చి జనం ముందు అదే యూనియన్‌ను దుమ్మెత్తిపోస్తాడు. జనం చప్పట్లు కొడతారు. ఎట్లా తిడతాడో చూపించమన్నారు మావాళ్లు. అడగడమే ఆలస్యం, బల్ల గుద్ది లేచాను.

“యూనియన్ పెత్తనం మా మీద నడువది! మా ఇంట్ల ఏం జెయ్యాల్నో మీరేంది చెప్పేది?”

ఎవరూ నవ్వలేదు. వెనక్కి తిరిగితే మా సెక్రటరీ, చేతిలో చాయ్ గ్లాసుతో.

“అన్నా, మన యూనియన్ గాదే! ఐరోపా యూనియన్” అన్నాను.

“గా యూనియన్ ఏ బాయిది?”

“బాయిది గాదన్నా, దేశాలది.”

“జెండా ఏం రంగు?”

అక్కడన్నా ఆగొద్దూ? తెలిసిన సంగతి కడుపులో దాచుకుంటే నాకు అరగదు. “నీలం రంగన్నా, నడుమ పసుపుపచ్చ చుక్కలు” అన్నాను.

“అంటె సభ్యత్వం గూడ తీస్కున్నవన్నమాట” అని ఆయన చాయ్ సగంలో వదిలేసి వెళ్లిపోయాడు. మధ్యాహ్నానికల్లా నేను కొత్త యూనియన్‌లోకి దూకానని బాయంతా పాకింది. అందులో పదవులేమైనా ఖాళీగా ఉన్నాయా అని ఒకాయన నన్ను పక్కకు పిలిచి అడిగాడు కూడా.

ఇంట్లో సంగతి చెప్పాను. మోకాలికి నూనె రాస్తున్న మా ఆవిడ చెయ్యి ఆపేసింది. “నొప్పి నీకా, గా దేశానికా?” అంది.

మర్నాడు వెళ్లి సెక్రటరీ కాళ్లావేళ్లా పడ్డాను. ఆయన అంతా విన్నాడు.

“గట్ల తిట్టేటోడు యూనియన్ ఇడిసిపెట్టి పోవచ్చు గద?”

“పోడన్నా. పోతే గడువది.”

“గీ ముచ్చటనే రేపు గేట్ మీటింగ్‌ల చెప్పు” అన్నాడు.

చెప్పాను. మెడలో యూనియన్ కండువా, చేతిలో మైకు. హోటల్లో నా ప్రధాని వేషం చూసినవాళ్లే ముందు నిలబడి పళ్లికిలిస్తుంటే, యూనియన్ లేనిదే మనకు బతుకే లేదని గొంతు చించుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను.

నెల తిరగకముందే సర్ఫేస్ డ్యూటీ వచ్చింది. మొదటిరోజు మావాళ్లు నెత్తిన దీపాలు పెట్టుకుని వాలు దిగిపోతుంటే నేను ఎండలో నిలబడిపోయాను. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆ రోజంతా యూనియన్‌ను ఒక్క మాట అనబుద్ధి కాలేదు.

మర్నాడు మామూలే. కాకపోతే, వెనక ఎవరున్నారో చూసుకుని మరీ తిట్టాను.