మంచు వాలు మీద కట్టిన తాడు

మేము నిద్ర లేవకముందే కొండంతా తెల్లగా పరిచి, మేము చూస్తుండగానే దాన్ని నీళ్లు చేసి లోయలోకి దింపే దేవునికి స్తోత్రం. తలుపులన్నీ మూసుకున్న ఆ కాలంలో మా ఇంట్లో ఊపిరి ఆగకుండా కాచినవాడికి స్తోత్రం. ఇప్పుడు రాయబోయేది సంతోషమైన సంగతి కాదు. అయినా స్తుతి ముందు, సంగతి తరవాత. మా అమ్మ అలాగే నేర్పింది. కూర మాడిన రోజు కూడా కంచం ముందు కళ్లు మూసుకోవాల్సిందే అనేది.

మేముండేది జర్మనీలో, కైసర్స్‌లౌటర్న్‌లో. ఆరాధనకు ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్తాం. అక్కడ ఒక జర్మన్ చర్చి వెనక హాలు అద్దెకు తీసుకుని, వాళ్ల ఆరాధన అయ్యాక మధ్యాహ్నం మన తెలుగువాళ్లం కూడుకుంటాం. మా పెళ్లయిన కొత్తలో ఈ దేశం వచ్చినప్పుడు మమ్మల్ని చేరదీసింది సంఘ పెద్ద, ఆయన భార్య. ఆయన డాక్టరు, మాకంటే ఎంతో ముందు వచ్చి స్థిరపడ్డారు. నేను ఆయన్ని అన్నయ్య అనేదాన్ని, ఆమెను వదిన. వాళ్లకు పిల్లలు లేరు. మా అమ్మాయి వాళ్ల చేతుల్లోనే పెరిగింది. దానికి వాళ్లు మావయ్య, అత్తయ్య.

చలికాలం వస్తే అన్నయ్య దాన్ని బ్లాక్ ఫారెస్ట్‌లో ఒక చిన్న కొండకు తీసుకెళ్లేవారు. ఒకటే వాలు, ఒకటే లిఫ్టు, కింద సూపు అమ్మే చెక్క గది. ఆ లిఫ్టుకు కుర్చీలుండవు. పైన తిరిగే తీగకు లంగరు ఆకారంలో కొయ్యలు వేలాడుతుంటాయి. ఒక్కో కొయ్యకు అటొకరు ఇటొకరు ఆనుకుని నిలబడితే ఇద్దరినీ మంచు మీద పైకి లాక్కుపోతుంది. మా అమ్మాయి పొట్టిగా ఉన్న రోజుల్లో కొయ్య దాని వీపుకు తగిలేది, ఆయనకు మోకాళ్ల దగ్గరికి వచ్చేది. ఆయన ఒంగి, వంకరగా, నవ్వుతూ వెళ్లేవారు. నేనెప్పుడూ స్కీలు వేసుకోలేదు. చెక్క గది ముందు టీ ఫ్లాస్కు పట్టుకుని నిలబడేదాన్ని. నాకు తెలిసిందంతా కింద నుంచి చూసి తెలుసుకున్నదే.

కాలేజీకి వచ్చే వయసులో అది స్కీలు వదిలేసి, రెండు కాళ్లకూ ఒకే పలక ఉండే స్నోబోర్డు పట్టింది. అందులోనూ కార్వింగ్ అనే పద్ధతి. పలకను అంచు మీద నిలబెట్టి, ఒళ్లంతా మంచుకు తాకేలా వాలి, వాలుకు ఈ చివర నుంచి ఆ చివరకు పెద్ద పెద్ద అర్ధచంద్రాలు గీస్తూ దిగుతుంది. దిగాక చూస్తే కొడవలితో కోసినట్టు సన్నటి గీతలు. అది చూసి అన్నయ్య ఊరుకునేవారు కాదు.

"నీళ్ల మీద నడిచినవాళ్ల గురించి చదివాను గానీ, మంచు మీద పడుకుని దిగేవాళ్లను నిన్నే చూస్తున్నానే అమ్మాయ్."

"మీరు నిలువుగా దిగుతారు మావయ్యా. సూపర్‌మార్కెట్లో ఎస్కలేటర్ కూడా అలాగే దిగుతుంది."

"ఓహో! మరి నువ్వు ఊరంతా తిరిగి వచ్చేలోపు నా సూపు చల్లారిపోతుంది, ఎవరిది తప్పు?"

అలా ఉండేది వాళ్లిద్దరి మధ్య.

తరవాత జబ్బు కాలం వచ్చింది. ఒక చలికాలమంతా లిఫ్టు ఆపేశారు. హాలుకు తాళం వేశారు. సంఘమంతా కంప్యూటరు తెరలో చిన్న చిన్న గళ్లలోకి వెళ్లిపోయింది. మరుసటి చలికాలం లిఫ్టు తిరగడం మొదలైంది. మాస్కు వేసుకోవాలి, టీకా వేయించుకున్నట్టు చూపించాలి, ఒక కొయ్యకు ఒకే ఇంటివాళ్లు ఆనుకోవాలి. అన్నయ్య, మా అమ్మాయి ఒకే ఇంటివాళ్లు కారు. వేరువేరు కొయ్యల మీద పైకి వెళ్లేవారు. అప్పుడు దాన్ని ఎవరూ పెద్ద విషయం అనుకోలేదు.

ఇళ్లలో మగ్గిన జనమంతా ఆ కొండకే వచ్చినట్టుండేది. నిన్న మొన్న స్కీలు అద్దెకు తీసుకున్నవాళ్లు, స్లెడ్జిలనే జారుడు బండ్ల మీద పిల్లలు. వాళ్ల మధ్య అర్ధచంద్రాలు గీయడం కుదరదు. మా అమ్మాయి, దాని జతగాళ్లు కొందరు లిఫ్టు నడిపే ఊరివాళ్లను అడిగారు: పొద్దున పూట వాలుకు ఒక పక్కన తాడు కట్టి కార్వింగ్ చేసేవాళ్లకు విడిగా ఇవ్వండి అని. చెక్క గది ముందు నిలబడి, ఒకరికొకరు ఎడంగా, మాస్కుల్లోంచే వాదించుకున్నారు.

"ఇవాళ పలకవాళ్లకి, రేపు స్లెడ్జివాళ్లకి, ఎల్లుండి మా కుక్కలకి," అన్నాడు ఒక ఊరి పెద్దాయన. అందరూ నవ్వారు.

అన్నయ్య కూడా వద్దన్నారు. "కొండని పంచుకోవడానికి ఇదేమన్నా తాతల ఆస్తా? అందరం ఒకరినొకరు చూసుకుంటూ దిగాలి. తాడు కడితే చూసుకోవడం మానేస్తాం."

"మడమల మీద మలుపు తిప్పేటప్పుడు నా వీపు వెనక నాకు కనపడదు మావయ్యా. నేను చూసుకోలేనిది పైనుంచి వచ్చేవాళ్లు చూసుకోవాలి. వాళ్లు చూసుకోవడం లేదు."

ఇద్దరి మాటా నాకు సబబుగానే తోచింది. లిఫ్టు పెద్ద ఆలోచిద్దాం అన్నాడు.

ఆలోచన తెగకముందే ఆ పొద్దు వచ్చింది. ఎండ బాగుంది, మంచు గట్టిగా ఉంది. మా అమ్మాయి వాలు కింది భాగంలో, నాకు ముఖం ఆనవాలు పట్టేంత దగ్గర్లో, వీపు కొండవైపు పెట్టి పెద్ద మలుపు తిప్పుతోంది. మలుపు చివర్లో పలక కొంచెం పైకి ఎక్కింది. పైనుంచి అన్నయ్య నిలువుగా, వేగంగా వస్తున్నారు. నేను అరిచాను. ఎవరికి వినపడుతుంది? ఇద్దరూ కలిసి దొర్లారు. అది లేచింది. ఆయన లేవలేదు.

నేను బూట్లు దిగబడుతున్నా పరిగెత్తి వెళ్లాను. ఆయన కాలు ఉండాల్సిన తీరులో లేదు. మా అమ్మాయి పక్కన మోకరించి, "నేను పైకి చూడలేదు మావయ్యా, సారీ, నేను పైకి చూడలేదు," అంటోంది. ఆయన దాని చేతి తొడుగు పట్టుకున్నారు. "నీ తప్పు కాదమ్మా. పైనుంచి వచ్చింది నేను. ఆపుకోవాల్సింది నేను," అన్నారు. స్పష్టంగా అన్నారు. నేను విన్నాను. తరవాత రక్షణ దళం వాళ్లు వచ్చి స్లెడ్జి మీద దింపుకుపోయారు.

ఆసుపత్రిలో ఎవరినీ చూడనివ్వని రోజులు. వదిన కూడా పార్కింగులో కారులో కూర్చుని ఫోను వైపు చూస్తూ ఉండేది. ఆ ఒంటరితనంలో ఆమె మనసులో జరిగిన సంగతి తనకు తోచిన ఆకారం తీసుకుంది. మా పిల్ల దూకుడుగా వచ్చి ఆయన్ని పడగొట్టిందని. నేను విన్నది ఫోనులో చెప్పాను.

"నొప్పిలో ఉన్న మనిషి ఏదైనా అంటాడు వదినా," అంది. నన్ను ఆమె కూడా వదినా అనే పిలుస్తుంది. " పిల్ల ఏడుస్తుంటే ఓదార్చడానికి అలా అని ఉంటారు. ఆయన సంగతి నీకు తెలియదా?"

అది కూడా నిజమే కావచ్చని నాకు ఒక క్షణం అనిపించింది.

ఆ వారం తెరమీద ప్రార్థన కూడిక. మన సంఘాల్లో ఒక అలవాటు ఉంది, ఎరిగినవాళ్లు ఎరుగుదురు. మనిషితో ముఖాముఖి అనలేనిది కళ్లు మూసుకుని దేవునితో అంటాం. వదిన వంతు వచ్చింది. ఆయన స్వస్థత కోసం చక్కగా ప్రార్థించింది. మేమంతా ఆమేన్ అంటున్నాం. అంతలో గొంతు మారింది.

"ప్రభువా, పెంచిన చేతులను తొక్కుకుంటూ పోయే యవ్వనస్తులను జ్ఞాపకం చేసుకో. దారంతా తమదే అనుకునేవాళ్ల గర్వాన్ని అణచు తండ్రీ..."

మా అమ్మాయి నా పక్కనే సోఫాలో ఉంది. చెయ్యి చాచి మైకు నొక్కింది.

"అత్తయ్యా, నాతో చెప్పాలనుకుంటే నాతో చెప్పండి. దేవుడి మీదుగా ఎందుకు?"

గళ్లన్నీ కళ్లు తెరిచాయి. ఎవరో "మ్యూట్, మ్యూట్ చెయ్యండి" అన్నారు. ఒక గడిలో ఆసుపత్రి మంచం మీద అన్నయ్య ఉన్నారు. అందరం ఆయన వైపే చూశాం. మా అమ్మాయి కూడా. ఆయన "కీర్తన పాడుకుందాం," అన్నారు.

మా అమ్మాయి చాలా రోజులు ఆ సంగతే తలుచుకుంది. "మంచు మీద చెప్పారు కదమ్మా. సంఘంలో ఎందుకు చెప్పలేదు?" అనేది. ఇన్నేళ్లు వేదిక మీద నిలబడి ఇతరుల తప్పులు దిద్దిన మనిషికి, భార్య ప్రార్థనను అందరి ముందు కాదనడం తేలిక కాదని అనుకుంటాను. మా ఆయన సంఘంలో మిగతా పెద్దలతో మాట్లాడారు. సంఘ పెద్ద మీద నింద ఒప్పుకోవాలంటే వాక్యం ప్రకారం ఇద్దరు ముగ్గురు సాక్షులు కావాలన్నారు. తల్లీకూతుళ్లం ఒక ఇంటివాళ్లమట, ఒక సాక్ష్యమే అవుతుందట. వాక్యం ఎరిగినవాళ్లే అలా అంటే ఎవరికి చెప్పుకోవాలి?

హాలు మళ్లీ తెరిచినప్పుడు కుర్చీలు ఎడంగా వేశారు. అందరూ పట్టరు కాబట్టి కుటుంబాలను రెండు జట్లు చేసి, ఒక జట్టు వెళ్లాక ఇంకో జట్టును రమ్మన్నారు. అన్నయ్య వాళ్లు మొదటి జట్టు, మేము రెండోది. "సమాధానం కోసమేనమ్మా," అన్నారు పాస్టరుగారు. బైబిల్లో మందలు పెరిగి కాపరులు కొట్లాడుకుంటే, పెద్దాయన తమ్ముడి కొడుకుతో నేల పంచుకుని విడిపోయిన సంగతి గుర్తు చేశారు. నాకు ఆ కథ చిన్నప్పటి నుంచి నోటికి వచ్చు. విడిపోయాక ఆ కుర్రవాడు శత్రువుల చేతికి చిక్కాడని విని, అదే పెద్దాయన మనుషుల్ని వెంటేసుకుని వెళ్లి విడిపించుకొచ్చాడు. ఆ రెండో భాగం ఆ రోజు ఎవరూ చదవలేదు.

మేము లోపలికి వెళ్లే వేళకు మొదటి జట్టు వెళ్లిపోయి ఉండేది. క్రిమినాశకం వాసన, తుడిచిన కుర్చీల తడి. రెండు వారాలు వచ్చి మా అమ్మాయి రావడం మానేసింది.

ప్రమాదం తరవాత కొండ మీద తాడు కట్టారు. వాలుకు ఎడమ పక్కన ఎర్ర జెండాల కొయ్యలు పాతి, పొద్దున పూట కార్వింగ్ చేసేవాళ్లకు వదిలారు. మంచి పనే. తాడు ఉండాలా అని నన్నడిగితే ఉండాలనే అంటాను, తల్లిని కదా. తాడు కట్టాక అక్కడ ఎవరి ఎముకా విరగలేదు. కానీ అంతకుముందు మా అమ్మాయి దిగుతుంటే ఆగి చూసేవాళ్లు, కేకలు వేసేవాళ్లు, తిట్టేవాళ్లు కూడా. ఇప్పుడు తాడుకు అవతల ఏం జరుగుతుందో ఎవరికీ పట్టదు. ఖాళీ మంచు మీద అది ఒక్కతే గీతలు గీసుకుంటోంది.

మంచు మెత్తబడుతున్న రోజుల్లో ఒక పొద్దున అన్నయ్య వచ్చారు. మా ఆయనే కారులో తీసుకొచ్చారు. వదినకు చెప్పకుండా వచ్చినట్టున్నారు. చంకకర్రలు మంచులో దిగబడకుండా చెక్క గది ముందు, నా పక్కన నిలబడ్డారు. నేను ఫ్లాస్కు మూతలో టీ పోసిస్తే మాస్కు దించి తాగారు. చాలా ముసలివారైపోయారు. తాడు కింద దాకా ఉండదు. లిఫ్టు దగ్గర అందరూ ఒకే వరసలోకి రావాలి. ఆయన అక్కడికి వెళ్లి ఆగారు, వెనకే టీ మూత పట్టుకుని నేనూ.

మా అమ్మాయి దిగి వచ్చింది. వెనక కాలు పలక నుంచి విడిపించుకుని తలెత్తి చూసింది.

"కాలు ఎలా ఉంది మావయ్యా?"

"నిలబడుతోంది." కాసేపు కర్ర చివరతో మంచు గీకారు. "అమ్మాయ్, ఆ రోజు పైనుంచి వచ్చింది నేనే."

"నాకు తెలుసు మావయ్యా. ఆ రోజే చెప్పారుగా." దాని గొంతులో కోపం లేదు. అందుకే నాకు భయమేసింది. "చెప్పాల్సింది నాకు కాదు."

ఆయన తల ఊపారు. అవునని ఊపారో, తన వల్ల కాదని ఊపారో మాస్కు మీదుగా నాకు తెలియలేదు. వెనక వరస కదులుతోంది. అది ముందుకు జరిగి ఒక కొయ్య అందుకుంది. పలక మీద ఉన్నవాళ్లు పక్కకు తిరిగే నిలబడాలి. మా వైపు వీపు ఉంది. పలక వల్ల తిరిగిందో, మనసు వల్ల తిరిగిందో. కొయ్యకు రెండో వైపు ఖాళీగా, గాలిలో ఊగుతూ దాని పక్కనే పైకి వెళ్లింది. కనపడనంత దూరం పోయేదాకా అన్నయ్య చూస్తూనే ఉన్నారు. నా చేతిలో మిగిలిన టీ చల్లారిపోయింది.

ఆ వేసవిలో అది ఉద్యోగానికి బెర్లిన్ వెళ్లిపోయింది. ఆదివారం ఫోను చేస్తే, ఎక్కడికైనా ఆరాధనకు వెళ్లావా అని అడగను, అది చెప్పదు. జట్లు తీసేసి హాల్లో అందరం మళ్లీ ఒకచోటే కూర్చుంటున్నాం. అన్నయ్య మొదటి వరసలో చేతికర్ర కుర్చీకి ఆనించి కూర్చుంటారు. సాక్ష్యాలు చెప్పే సమయం వచ్చినప్పుడు ఆయన చెయ్యి కర్ర మీద పడుతుంది. లేస్తారేమో అని నేను ప్రతిసారీ మెడ చాచి చూస్తాను. ఇంతవరకూ లేవలేదు.

చదివేవాళ్లారా, మీరు ఎక్కడున్నా, ఏ సంఘంవాళ్లైనా, ఒక్క నిమిషం నాతో కళ్లు మూసుకోండి. ఎవరినీ అణచమని అడగొద్దు. ఆయన కాళ్లకు లేచే బలం ఇమ్మని, మంచు మీద అన్న ఆ నాలుగు మాటలు మనుషుల మధ్య అనే నోరు ఇమ్మని అడగండి. ఆ మాట బెర్లిన్ దాకా వినపడేలా అడగండి. మీరు ఆమేన్ అన్నాక నేనూ అంటాను.