పట్టాల కింద కంకర

తొమ్మిదేళ్ళుగా నా తప్పును ఇంకొకమ్మాయి మోస్తోంది. తెలిసి ఊరుకోవడం మాత్రం నా వంతు. మీరు నన్నెరగరు కాబట్టి మీకు చెబుతున్నాను.

నవ్వకండి, ఇదొక కంప్యూటర్ ఆట గొడవ. దిమ్మ మీద దిమ్మ పేర్చి ఊళ్ళు కట్టే ఆట. మా చెల్లి లల్లీ, పక్క క్వార్టర్ పింకీ కలిసి స్కూలు ప్రదర్శన కోసం ఏడు నెలలు అందులో మా బిలాస్‌పూర్ రైల్వే యార్డు కట్టారు. ప్లాట్‌ఫారాలు, షెడ్డు, సిగ్నళ్ళు, అన్నీ. నేనప్పుడు డిగ్రీ ఆఖరి సంవత్సరం.

వాళ్ళు లేనప్పుడు ఒకరోజు తెరిచి చూశాను. పట్టాలు ఉత్త మట్టి మీద ఉన్నాయి. మా నాన్న జీవితమంతా ట్రాక్ మీదే పనిచేశాడు. కంకర లేని పట్టాలు చూస్తూ ఎలా ఊరుకుంటాను? ఒక్క కమాండ్ కొట్టి మట్టినంతా కంకరగా మార్చేశాను. ఎంత బావుందో! తర్వాత చూస్తే యార్డు కింద అంతా బోలు. ఆ ఆటలో మట్టి గాల్లోనైనా నిలుస్తుంది, కింద ఆధారం లేని కంకర మాత్రం రాలిపోవాలి. రాలలేదు. ఎందుకా అని వెతికితే, అది ఆటలోని లోపమట. కమాండ్‌తో పోసిన కంకర, పక్కన ఎవరైనా ఏదైనా కదిపేదాకా గాల్లోనే నిలబడుతుందట. కదిపితే ఒకదాని వెంట ఒకటి మొత్తం పోతుందట.

అంటే నాకు ముందే తెలుసు. తెలిసే కంప్యూటర్ కట్టేశాను. రేపు సరిచేద్దామనుకున్నాను. నిజంగా అనుకున్నానా? అడగకుండా ముట్టుకున్నానని చెల్లెలు అరుస్తుందన్న భయం, అంతే కదా?

మర్నాడు పింకీ వచ్చి పట్టాల పక్కన ఒక దీపం పెట్టింది. యార్డంతా కూలిపోయింది.

"ఏటి చేసీసినావే!" అని లల్లీ కేక.

"నేనేటీ చెయ్యలేదే, కసమ్ సే, ఒట్టు! ఒక్క దీపం పెట్టినాను. అక్కా, నువ్వైనా చెప్పవా?"

చెప్పాను. "అచ్ఛా, పోనీలేవే లల్లీ. కావాలని చేసిందేటి? దాని చెయ్యే అంత."

నా తప్పుకి తనను క్షమించేశాను కూడా! ఆ మాట మా క్వార్టర్ల లైనంతా పాకింది. ఏది పగిలినా పింకీ చెయ్యే. లల్లీ మళ్ళీ తనతో మాట్లాడలేదు. ఇంత చిన్న విషయం ఇప్పుడెందుకులే అని ప్రతిసారీ దాటేశాను. చిన్నదైతే చెప్పడానికేం?

మొన్న గోల్ బజార్‌లో పింకీ కనబడింది. చంకలో మా పాప జారిపోతుంటే ఎగదోసి ఎత్తుకుంటూ, "ఈ ఫోన్ కాస్త పట్టుకోవే" అన్నాను. రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది.

"వద్దక్కా. నా చెయ్యి తెలుసు కదా నీకు."

నవ్వుతూనే అంది. అప్పుడైనా చెప్పానా? టమాటాల ధర గురించి మాట్లాడి వచ్చేశాను. పాపకు కాస్త ఒళ్ళు వెచ్చబడితే నిద్రపోని దాన్ని. ఎవరో ఒకరు నా కూతురి గురించి అలాంటి మాట ఒకటి అని వదిలేస్తే?

పింకీ చెయ్యి మంచిదే. యార్డు కూల్చింది నేను.

ఈ రెండు వాక్యాలు రాయడానికి తొమ్మిదేళ్ళు పట్టింది. పింకీకి తెలుగు మాట్లాడడమే కానీ చదవడం రాదు. అందుకే తెలుగులో రాశానేమో, అదీ తెలుసు నాకు. అయినా రాసేసరికి ఊపిరి కాస్త ఆడుతోంది. నాకే, తనకు కాదు.