కమలత్త కళ్లు తెరిచిన ఫోటో

ఆల్బం తెరవగానే గంజి వాసన వచ్చింది. ఇన్నేళ్ల తర్వాత ఆ వాసన ఇంకా ఉంటుందా, నీ భ్రమ కాదా అంటారేమో. కానీ మా నగరి ఇంట్లో ఆ ఫోటోలను అట్టలకు అంటించింది జిగురుతో కాదు, మగ్గానికి ఎక్కించే పడుగు దారాలకు పట్టించే గంజితో. దారాన్ని నిలబెట్టే గంజి కాగితాన్ని నిలబెట్టలేదా అన్నది మా తాత వాదం. పురుగులు తిని అంచులు పోయాయి గాని ఒక్క ఫోటో కూడా ఊడలేదు. కమలత్త అడిగిందని పోయిన వారం ఆ ఆల్బాన్ని అటక మీంచి దించాను.

కమలత్త మా నాయన చెల్లెలు. డెబ్బైయవ దశకం నడుమ, నాకు తొమ్మిదేళ్లప్పుడు, మామిడిపండ్ల కాలంలో ఆమె పెళ్లి జరిగింది. ఇంటి ముందు కొబ్బరాకుల పందిరి లేచేసరికి మగ్గాల చప్పుడు ఆగిపోయింది. పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడులోనే నిద్రపోయిన నాకు మా ఇల్లే ఎవరిదో ఇల్లులా అనిపించింది. పెరట్లో కాగే బెల్లం పాకం, మేము అత్తిరాసాలనే అరిసెలు వేగే నూనె, సత్యవేడు చుట్టాలు గోనెసంచుల్లో మోసుకొచ్చిన మామిడిపండ్లు, తడిగుడ్డలో చుట్టిన మల్లెపూలు, మడత విప్పని కొత్త చీరలు, అన్నీ కలిసి ఇల్లంతా ఒకటే ఘుమఘుమ. మేము పిల్లలం మగ్గం గుంటలో కాళ్లు వేలాడేసుకుని గచ్చకాయలాడుతూ, లేచినప్పుడల్లా అవ్వ కంటబడకుండా ఒక అత్తిరాసం లాగేస్తూ, బతుకంటే ఇట్లాగే ఉండాలనుకున్నాం.

ఇంత సందట్లోనూ అత్తకు ఒకటే దిగులు. ఆమె కళ్లు మా ఇంట్లో అందరి కళ్లకన్నా పెద్దవి. అయితే ఫోటోలో వాటిని చూసిన వాళ్లే లేరు. ఫ్లాష్ మెరిసే వేళకు రెప్పలు టక్కున వాలిపోయేవి. బడిలో తీసిన గుంపు ఫోటోలో నిద్రపోతోంది, మా అమ్మానాయనల పెళ్లి ఫోటోలో నిద్రపోతోంది, చివరికి తన నిశ్చితార్థం ఫోటోలో చుట్టూ ఉన్నవాళ్లు గుడ్లు మిటకరించి చూస్తుంటే తను మాత్రం హాయిగా నిద్రపోతోంది. ఆ ఫోటో చూసి పెళ్లికొడుకు జేజమ్మ "పిల్లకు సూపు బాగుండాదా?" అని కబురు పంపిందట. ఇంటిల్లిపాదీ పడీ పడీ నవ్వారు. అత్త నవ్వలేదు.

పెళ్లినాడు పొద్దున్నే చిత్తూరు బస్సు దిగి ఫోటోల మునిరత్నం వచ్చాడు. మెడలో కెమెరా, భుజాన ఫ్లాష్ బ్యాటరీ పెట్టె. మీట నొక్కితే ఆ పెట్టె దోమలా సన్నగా కూసేది. మగ్గాల గదిలో జడ వేయించుకుంటున్న అత్త అతన్ని లోపలికి పిలిపించింది.

"అన్నా, ఒక్క ఫోటోలో అన్నా నాకు కండ్లుండేట్టు తియ్యన్నా. నీకు దండం పెడతా."

"మెరుపు ఎయ్యకుండా పగటి వెల్తురులోనే తీస్తా లేమ్మా. మెరుపుకే గదా నీ రెప్పలు పడేది" అన్నాడతను.

అటుగా వచ్చిన తాత చెవిన ఆ మాట పడింది. అప్పట్లో మా ఊళ్లో మెరుపు రాకపోతే ఫోటో పడనట్టే లెక్క. మెరిసేదాకా అందరూ ఊపిరి బిగబట్టి కొయ్యబొమ్మల్లా నిలబడేవాళ్లు, మెరిశాకే కదిలేవాళ్లు.

"మెరుపు లేకుండా ఫోటో ఏందప్పా? మొగపెండ్లోళ్లు ఏమనుకుంటారు?" అన్నాడు తాత.

మునిరత్నం గోడకు వేలాడుతున్న ఎర్ర నూలు పోగుల చిలప తీసి ఆయన చేతిలో పెట్టాడు. "ఈ రంగు కుదిరిందో లేదో బల్బు కింద సూస్తావా తాతా?"

తాతకు రోషం వచ్చింది. "బల్బు కింద రంగెవుడు సూస్తాడు? గడప కాడికి తీసకపోయి పగటి ఎలుగులో సూడాల" అన్నాడు. అనేశాక ఆగిపోయాడు. చిలపను అటూ ఇటూ తిప్పి, మళ్లీ గోడకు తగిలించి, బయటికి వెళ్లాడు. పెళ్లిపీటలకు ఉత్తరం పక్క నిచ్చెన వేయించి, పంచె ఎగ్గట్టి తనే ఎక్కి, ముందురోజు దగ్గరుండి కప్పించిన పందిరిలోంచి రెండు మట్టలు పీకేశాడు. శుభమా అని పందిరి పీకుతావేమని అవ్వ లబోదిబోమంది. పీటల మీద ఎండ పడకుండా తెల్లటి వెలుతురు మాత్రం వచ్చి పరుచుకుంది.

తాళి కట్టేటప్పుడు చుట్టాలంతా మీద పడి ఆ వెలుతురును మూసేశారు. ఫ్లాష్ వేయక తప్పలేదు. అత్త కళ్లు మామూలే. తలంబ్రాల వేళకు జనం సర్దుకున్నారు గాని, అప్పటికి రీలులో ఒక్కటంటే ఒక్క ఫోటో మిగిలింది. మునిరత్నం ఫ్లాష్ ఆపి కెమెరా ఎత్తాడు. ఎత్తాడో లేదో, మెరుపు ఎక్కడ వస్తుందోనన్న భయంతో అత్త ముందుగానే కళ్లు గట్టిగా మూసుకుంది. "మెరుపు లేదమ్మా, తెరువు" అంటే తెరుస్తుంది, కెమెరా ఎత్తితే మళ్లీ మూస్తుంది. మిగతావాళ్లేమో రాని మెరుపు కోసం రెప్ప వేయకుండా కాచుకున్నారు. పెళ్లికొడుకు దోసిట్లో తలంబ్రాలు చెమటకు ముద్దయ్యాయి. "మిషను చెడిపోయినట్టుండాదే" అన్నారు మొగపెళ్లివారిలో ఎవరో. నాకు ఏడుపొచ్చింది. నా అత్తిరాసాలన్నీ ఇచ్చేస్తాను, ఆ కళ్లు తెరిపించు స్వామీ అని కొండవైపు తిరిగి మొక్కుకున్నాను.

మునిరత్నం ఒక్క క్షణం ఆలోచించి, ఫ్లాష్‌ను కెమెరా నుంచి ఊడదీసి ఎడమచేత్తో పైకెత్తాడు.

"అందరూ ఈడ సూడండప్పా!"

మెరుపు మెరిసింది. అతను కెమెరా నొక్కలేదు, అది ఉత్త మెరుపు. ఫోటో అయిపోయిందనుకుని పందిరంతా ఒక్కసారిగా ఊపిరి వదిలింది. పెళ్లికొడుకు దోసెడు తలంబ్రాలూ అత్త నెత్తిన కుమ్మరించాడు. గండం గడిచిందని అత్త కళ్లు విప్పి, అతని వైపు చూసి పకపకా నవ్వింది. అప్పుడు నొక్కాడు మునిరత్నం. మేళం హోరులో ఆ చప్పుడు ఎవరికీ వినబడలేదు.

నెల తర్వాత ఫోటోలు వచ్చాయి. ఆ చివరి ఫోటోలో ఒక్కరూ ఫోటోకు నిలబడినట్టు లేరు. తాత తలెత్తి తను చేసిన కంతను చూసుకుంటున్నాడు, అవ్వ కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది, మొక్కు సంగతి మరిచిపోయిన నేను నోట్లో సగం, చేతిలో సగం అత్తిరాసంతో ఉన్నాను. మధ్యలో అత్త ఇంతింత కళ్లతో నవ్వుతోంది. "మెరుపు వచ్చినప్పుడు అందరం బాగానే నిలబడినాం గదప్పా, ఆ ఫోటో యాడ?" అని తాత చాన్నాళ్లు సణిగాడు. అయినా అన్నిటికన్నా ఎక్కువ గంజి పూసింది ఆ ఫోటోకే.

ఇప్పుడు తాతా అవ్వా లేరు. మగ్గం గుంటలు పూడ్చేసి బండలు పరిచారు. గంజి కాచే పొయ్యి కూడా లేదు. పెళ్లిళ్లలో మెరుపు కోసం ఊపిరి బిగబట్టే వాళ్లు లేరు, ఎన్ని ఫోటోలు తీశారో తీసినవాళ్లకే తెలియదు. ఆ బిగింపు, ఆ తర్వాతి హాయి గుర్తొస్తే నాకు ఇప్పటికీ బెంగగా ఉంటుంది.

పోయిన నెల కమలత్త కంటికి ఆపరేషన్ అయింది. రెండేళ్ల మసక విడిపోయాక ఆమె మొదట అడిగింది ఈ ఆల్బమే. తీసుకెళ్లి లైటు వేయబోతే కసిరింది.

"లైటు కింద ఎవురు సూస్తారే? గడప కాడికి పట్టకరా."

గడప మీద కూర్చుని, ఫోటోను పగటి వెలుతురులోకి వంచి చాలాసేపు చూసింది. "అబ్బా, ఎంతెంత కండ్లే నాయి!" అని అదే నవ్వు నవ్వింది. ఆ నవ్వు పోనివ్వకూడదని ఫోను ఎత్తాను. టక్కున కళ్లు మూసేసుకుంది.

"మెరుపు లేదత్తా, తెరువు."

కళ్లు మూసుకునే తల అడ్డంగా ఊపింది. "నేను నమ్మను. ముందు ఉత్త మెరుపు ఒకటి ఎయ్యి."