‘రైట్’ అంటే పొమ్మనేనా?

1984లో నేను నరసరావుపేటలో ఒక కంటి ఆసుపత్రికి జీపు డ్రైవరుని. ఆ ఏడాది ఆసుపత్రివాళ్ళు ఒక పాత బస్సు కొన్నారు. సీట్లు పీకించి నాలుగు బెర్తులు, గ్యాసు పొయ్యి, టాపు మీద నీళ్ళ ట్యాంకు పెట్టించారు. మాచర్ల వైపు పల్లెల్లో కంటి శిబిరాలు జరిగినన్నాళ్ళూ డాక్టరమ్మకూ నర్సులకూ అదే ఇల్లు. నా దగ్గర హెవీ లైసెన్సు ఉంది గనక బండి నాకు అప్పగించారు. నిజం చెప్పాలంటే, లైసెన్సు పరీక్షనాడు తప్ప అంత పొడుగు బండిని నేను తోలి ఎరగను.

లారీలు తోలి తోలి ఇంటిపట్టున ఉంటున్న మస్తాన్ బాబాయిని బతిమాలి నేర్చుకున్నాను. వెనక చక్రాలు దాటి మిగిలిన భాగాన్ని ఓవర్‌హ్యాంగ్ అంటారు. బండి ఎడమకు మళ్ళితే ఆ తోక కుడికి ఊగుతుంది. నీళ్ళ ట్యాంకు సగమే ఉంటే మలుపుల్లో నీళ్ళన్నీ ఒక పక్కకు తోసుకొచ్చి బండిని ఒరగదోస్తాయి. కదిలే ముందు గ్యాసు కట్టేయాలి. ఇవన్నీ చెప్పి బాబాయి ఒకటే హెచ్చరించాడు.

“ఒరేయ్ ఆంజనేయులూ, అద్దంలో పక్కలు కనపడతయ్ గానీ వీపు కనపడదురా. ఎనక్కి తీసేటప్పుడు దిగి సూసుకో. సిగ్గుపడమాక.”

నెల రోజులు బుద్ధిగా దిగి చూశాను. ఆ తర్వాత చెయ్యి తిరిగింది, గర్వం తలకెక్కింది.

మరుసటి ఫిబ్రవరిలో గురజాల అవతల ఒక ఊరి బడిలో శిబిరం. ఆపరేషన్లు ముగిసి, రోగులు బడి గదుల్లోనే ఉన్నారు. పొద్దెక్కేసరికి బండి రేకు కాలిపోతోందని, దాన్ని బడికీ నాపరాళ్ళ గోడకూ మధ్య నీడలోకి పెట్టమంది డాక్టరమ్మ. మాకు క్లీనరు లేడు. ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళే వెనక నిలబడేవారు. ఆ రోజు సిస్టర్ కరుణ నిలబడింది. ఎడమవైపు వరండా స్తంభం ఉండటంతో నా చూపంతా ఎడమ అద్దం మీదే ఉంది.

“రైట్!” అంది సిస్టర్. నేను వెనక్కి తీశాను.

“రైట్, రైట్!” అంది. ఇంకాస్త తీశాను. ఆమె గొంతు పెరిగేకొద్దీ చోటు బోలెడంత ఉందనుకున్నాను.

ఇంతలో ఎవరో ఆడమనిషి, “అయ్యో, మా అమ్మ! ఆపరా నీ బండి!” అని కేక పెట్టింది. బ్రేకు తొక్కి దూకాను.

గదిలోంచి గాలికని బయటికొచ్చిన కోటమ్మ అనే ముసలమ్మ కుడి మూలన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒక కంటికి కట్టు, రెండో కంటికి పొర. ఆమె చేతికర్ర బంపరుకూ గోడకూ మధ్య నలిగి విరిగింది. బంపరుకూ ఆమె భుజానికీ జానెడు ఎడం. ఉలిక్కిపడి పక్కకు ఒరిగిపోయిన ఆమెను కూతురు పట్టుకుంది.

“రైట్, రైట్ అని అరస్తానే ఉన్నాగా!” అంది సిస్టర్ ఏడుపు గొంతుతో.

“రైట్ అంటే పొమ్మనేగా సిస్టర్?”

“కుడిపక్క మనిషుందని చెప్పా!”

బస్సుల్లో పుట్టి పెరిగిన మాట నాది, బళ్ళో చదువుకున్న మాట ఆమెది. కోటమ్మ నా వైపు తల తిప్పి, “నాకంటే కనపడదు. నీకు కళ్ళున్నయ్‌గా నాయనా, దిగి సూసుకోలేదేంది?” అంది.

డాక్టరమ్మ ఆమెను లోపలికి తీసుకెళ్ళి చూసి వచ్చింది. “ఒరిగినప్పుడు కుట్లు కదిలుంటే చూపు దక్కదు. కట్టు విప్పేదాకా చెప్పలేను,” అంది. ఇంకా నాలుగు రోజులుంది. మర్నాడే నేనూ సిస్టరూ కూర్చుని మాటలు ఖాయం చేసుకున్నాం: కుడి, ఎడమ, రా, ఆపు. ఒక్క ముక్క ఇంగ్లీషు కూడా వద్దనుకున్నాం. తర్వాత ఇరవయ్యేళ్ళు నా బండి వెనక ఎవరు నిలబడ్డా ముందు ఆ నాలుగు మాటలూ వాళ్ళ చేత అనిపించాకే గేరు వేశాను.

కట్టు విప్పే రోజు నేను గది బయట నిలబడ్డాను. డాక్టరమ్మ వేళ్ళు చూపించింది. “మూడు,” అంది కోటమ్మ. మళ్ళీ చూపించింది. “ఒకటే గదమ్మా,” అంది. రెండుసార్లూ సరిగ్గానే చెప్పింది.

కాసేపటికి ఆమె కూతురి చెయ్యి పట్టుకుని బయటికొచ్చి, ఆ బండేదో చూపించమంది. దగ్గరుండి తీసుకెళ్ళాను. ముందు నుంచి వెనకదాకా రేకు తడుముకుంటూ మెల్లగా నడిచింది.

“ఓయమ్మ, చానా పొడుగుందే! ముందు కూసున్నోడివి, ఎనకున్న నేను నీకెట్టా కనపడతానయ్యా?” అంది, నన్ను ఓదార్చడానికే.

“కనపడవు గనకే దిగాలమ్మా,” అన్నాను.