ఊగని గాంధారం

"తాతా, మీ తోడి రాగం మీతోనే పోతుందేమోనని భయంగా ఉండాది," అనేసి హిమజ నాలుక కరుచుకుంది.

ఉదయగిరి పెళ్లిళ్లలో సన్నాయి ఊదిన మస్తాన్ సాహెబుకు ఇప్పుడు ఆయాసం. ఆత్మకూరు నుంచి తన పాపను ఆయన దగ్గరికి సంగీతం పాఠానికి తెచ్చే హిమజ, స్వరాలు టైపు చేస్తే పలికించే కంప్యూటర్ భాషకు, స్వరం ఊగే తీరు చెప్పే కొత్త గుర్తులు చేరుస్తోంది. అయినా తోడిలో ఊగాల్సిన గాంధార స్వరం అందులో ఊగకుండా కర్రలా నిలబడింది. అది విని పాప కూడా అట్లే పాడింది. ఆ తప్పే బిడ్డ గొంతులో నిలిచిపోతుందేమోనని హిమజ భయం.

"పోయేది నేనైతే నీకేందమ్మా భయం?" సాహెబు నవ్వబోయి దగ్గినాడు. "ముందు నేను పాడింది విని పాపను పాడనీ. అది సరిగ్గా పాడినాక నువ్వు రాసుకో. మిషన్‌తో బిడ్డకు నేర్పించబాక."

భయం పోలేదు. కానీ ఇప్పుడు పాప సరిగ్గా పాడేదాకా హిమజ ఒక్క గుర్తూ పెట్టదు.