ఫ్రిజ్‌కి జ్వరమొచ్చిన సాయంత్రాలు

మా బావమరిది పోయాడు. కబురు వచ్చేసరికి నేను రామాలయం అరుగు మీద పురాణం విప్పి కూర్చున్నాను. "కళ్లంలో మిరపకాయలు తిరగేస్తూ ఒరిగిపోయాడండీ. పొదిలి ఆస్పత్రికి తీసుకెళ్లేలోపే అయిపోయింది" అన్నాడు వచ్చినవాడు. నా ఎదురుగా కూర్చున్న ముసలివాళ్లంతా లేచి పరుగెత్తారు. చచ్చి కూడా నా సభను ఖాళీ చేశాడే అనుకున్నాను. ఆ తర్వాతే ఏడుపొచ్చింది. ఒళ్లో గ్రంథం పెట్టుకుని అబద్ధం రాయలేను.

అతను మా ఊరికి కేబుల్ టీవీ తెచ్చినవాడు. అంతకు ముందు సాయంత్రమైతే జనం నా దగ్గరికి వచ్చేవారు. బడికి పోనివాణ్ణి, పత్తి చేల గట్ల మీద అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ణి. అరుగెక్కి గొంతెత్తానంటే మాత్రం బజారు చివరిదాకా వినపడాల్సిందే! అలాంటిది, ఆడవాళ్లు మిరపకాయలకు తొడిమలు తీసే తన రేకుల షెడ్డులో అతను ఒక టీవీ పెట్టాడు. రిమోటుకు కారం అంటకుండా ప్లాస్టిక్ కవరు చుట్టాడు. అంతే, మా ఆవిడతో సహా అందరూ అక్కడే.

ఏం చూసేవారంటారా? జపాను బొమ్మల సినిమాలు. కొట్లాటలవి కాదు, తలా తోకా లేని నవ్వులాటవి. ఒక ముసలమ్మ నీడ ఆమెతో పోట్లాడి పక్కింట్లో కాపురం పెడుతుంది. ఒక ఫ్రిజ్‌కి జ్వరం వచ్చి తనే నడుచుకుంటూ ఆస్పత్రికి పోతుంది. అవి హిందీలో వచ్చేవి. నాకు జపాను భాష ఎంత వచ్చో అతనికి హిందీ అంత వచ్చు. అందుకని సౌండు పూర్తిగా తీసేసి, టీవీ పక్కన నిలబడి, అన్ని గొంతులూ తనే పలికేవాడు.

"డాక్టరుగారండీ, పొద్దుట్నించీ లోపల పెరుగు పులిసిపోతోందండీ!"

"ఏదీ, నోరు తెరువు."

ఫ్రిజ్ తలుపు తెరిచేది. లోపల లైటు వెలిగేది. షెడ్డు షెడ్డంతా ఘొల్లుమనేది. నవ్వితే కళ్లలో నీళ్లు. కారం చేతులతో తుడుచుకుంటే ఇంకేమన్నా ఉందా? అందుకని ఆడవాళ్లంతా మెడ వంచి కళ్లను భుజానికి రుద్దుకునేవారు. తర్వాత్తర్వాత అవే బొమ్మలు తెలుగులో వచ్చాయి. "ఆ టీవీ గొంతు కట్టెయ్, నువ్వు చెప్పు" అన్నారట! నా జన్మలో ఏనాడూ నన్నెవరూ అంత గారాబంగా అడగలేదు.

ఒకరోజు ఆగలేక షెడ్డుకే వెళ్లాను. "ఏరా, కొండచిలువగా వచ్చిన రాక్షసుడు నోరు తెరిస్తే, గుహ అనుకుని గొల్లపిల్లలు దూడలతో సహా లోపలికి నడిచారు. దానికంటే విడ్డూరమా నీ ఫ్రిజ్?" అన్నాను.

"నీదే విడ్డూరం బావా," అన్నాడు నవ్వుతూ. "కానీ పిల్లలు లోపలికి పోగానే నువ్వు కథ ఆపేసి, పామంటే పాపం అని మొదలెడతావు. పొద్దున్నించీ వంగి పనిచేసినవాళ్లు బావా వీళ్లు. ఈ ఫ్రిజ్‌కి అర్థం లేదు. ఉంటే నేనూ చూడను."

"అర్థం లేనిది ఎందుకురా?"

"పక్కన కూర్చో, తెలుస్తుంది."

నేను కూర్చోలేదు. ఇంటికొచ్చి గ్రంథం తిరగేశాను. ఆ పిల్లలు నవ్వుతూ, చప్పట్లు కొట్టుకుంటూ పాము నోట్లోకి వెళ్లారని అందులో ఉంది. ఎన్నిసార్లు చదివానో! ఆ నవ్వు మీద ఎప్పుడూ ఆగలేదు. అతనికి మాత్రం చదవకుండానే తెలిసింది. దానికి మరింత మండింది నాకు.

పెద్దకర్మ నాడు నన్నే మాట్లాడమన్నారు. అతను లేడు, ఊరంతా నా ముందే కూర్చుంది. ఆ కొండచిలువ కథే ఎత్తుకున్నాను. పిల్లలను నోట్లోకి పంపి, "పామంటే..." అన్నానో లేదో, తొడిమలు తీసే ముసలమ్మ అడ్డం వచ్చింది.

"ఆగు నాయనా. లోపలేముందో చెప్పు. ఆ అబ్బాయైతే చెప్పేవాడు."

నా భార్య, పదకొండు రోజులుగా అన్నం సరిగా ముట్టని మనిషి, తలొంచుకునే అంది: "ఏముంటుంది? జ్వరమొచ్చిన ఫ్రిజ్ ఉంటుంది."

"పాము నోరు తెరిచిందని అదీ తన తలుపు తెరిచుంటది!" అంది ఇంకో ఆవిడ.

ఒక్కసారిగా పందిరంతా నవ్వింది. ఆ నవ్వు ఏడుపైంది, మళ్లీ నవ్వైంది. రేపు నేను పోతే నా పందిట్లో ఇలా ఎవరు నవ్వుతారు? మైకు ముందు నిలబడి, పోయిన మనిషి మీద ఇంకా కుళ్లుకుంటూనే ఉన్నాను.

నా కథలకు కంటతడి పెట్టినప్పుడు ఆ ఆడవాళ్లు పైటచెంగుతో ఒత్తుకునేవారు. ఆరోజు వాళ్ల చేతులకు కారం లేదు. అప్పుడే భోజనాలకు కడుక్కొచ్చిన చేతులు. అయినా ఒక్కరూ చెయ్యెత్తలేదు. నా భార్యతో సహా వరసగా అందరూ మెడలు వంచి, కళ్లను భుజాలకు రుద్దుకున్నారు.