నౌపడ పాకలో ఒక దొప్ప

మొన్న మా వీధి మలుపులో ముంజలు కొన్నాను. సంచి మరిచిపోయిన నన్ను చూసి అమ్మే ఆవిడ నవ్వి, పచ్చి తాటాకు ఒకటి చీల్చి మడిచి, కొసలు ముడేసి, అందులో పోసి ఇచ్చింది. ఇంటికొచ్చి ముంజలు మా ఆవిడకి ఇచ్చేశాను గానీ ఆకు పారెయ్యబుద్ధి కాలేదు. వంటింటి గుమ్మంలో నిలబడి దాని వాసన చూస్తుంటే, "ఆకు వాసనకి కడుపు నిండేటట్టయితే నేనింత వంట ఎందుకు చెయ్యడం?" అని మా ఆవిడ వెక్కిరించింది. నవ్వలేకపోయాను. అలాంటి ఆకులోనే, నా చేత్తోనే, ఒక మనిషికి తాగకూడని కల్లు పోశాను. ఆ సంగతి ఇంతవరకూ ఆవిడతో కూడా చెప్పలేదు.

అప్పట్లో నేను కాటాలు సరిచేసే పనిలో ఉండేవాణ్ణి. బొబ్బిలి నుంచి ఇచ్ఛాపురం దాకా బియ్యం మిల్లులు, జీడిపప్పు షెడ్లు, ఉప్పు గోదాములు తిరగడమే ఉద్యోగం. ఇనప తూకపు రాళ్లు మోసీ మోసీ నా కుడి భుజం జారిపోయింది. ఏ చొక్కా తొడుక్కున్నా ఒకవైపు దర్జీ మోసం చేసినట్టే కనిపించేది. ఉప్పుగాలికి నౌపడలో కాటా నెల తిరిగేసరికి తుప్పు పట్టేది కాబట్టి, నెలకోసారి అక్కడికి వెళ్లక తప్పేది కాదు. మొదటిసారి వెళ్లినప్పుడు పని మూడింటికే అయిపోయింది. పాసింజరు బండి ఎప్పటిలాగే ఆలస్యం. ఉప్పు మడుల గట్టు వెంట నడుస్తుంటే ఎండు నెత్తళ్ల చేపలు కాలుతున్న వాసన కొట్టింది. ఆ వాసన పట్టుకుని పోతే, తాటిచెట్ల కింద తలుపూ బోర్డూ లేని ఒక కల్లు పాక దొరికింది.

చెట్లెక్కి కల్లు దించేది మొగుడు, పాకలో అమ్మేది పెళ్లాం. ఆవిడ అందరికీ వదినే. రోజూ వచ్చేవాళ్లలో ఇద్దరు నాకు దగ్గరయ్యారు. ఒకాయన రైల్వేలో గేంగుమేన్‌గా చేసి రిటైరైన మావ. వాచీ పెట్టుకోడు, పట్టాల చప్పుడు విని బండి ఎంత లేటో చెప్పేవాడు. ఎప్పుడూ తప్పు చెప్పేవాడు. రెండో ఆయన నా ఈడువాడు, నలభై దాటి ఉంటాయి. ఒకప్పుడు ఉప్పు మడుల్లో పనిచేసేవాడట. కూర్చున్న పది నిమిషాల్లో నన్ను బావా అనేశాడు, నేనూ బావా అన్నాను.

ఆ పాకలో ఒక పద్ధతి ఉండేది. పై ఊరి మనిషి వస్తే, ముంత అతనే పట్టుకుని అందరికీ మొదటి దొప్ప పొయ్యాలి. అతను పోసింది కాదనకూడదు, పక్కవాళ్లు అడ్డుపడకూడదు. నేను పోస్తూ పోస్తూ బావ దగ్గరికి వచ్చేసరికి ఆయన తన తాటాకు దొప్పని బోర్లించి ఒళ్లో పెట్టుకున్నాడు. నేను తెల్లబోతే వదినే చెప్పింది. బావకి కిడ్నీలు పోయాయి. ఆ చుట్టుపట్ల ఊళ్లలో అదేమీ వింత జబ్బు కాదు. వారానికి రెండుసార్లు ఆసుపత్రికి వెళ్లి రక్తం శుద్ధి చేయించుకోవాలి. రోజు మొత్తానికి రెండు గ్లాసుల నీళ్లు దాటకూడదు. కల్లు తాగితే గుండె ఆగిపోవచ్చని డాక్టరు గట్టిగా చెప్పాడు.

అయినా బావ రోజూ వచ్చేవాడు. తన రెండు గ్లాసుల్లో సగం గ్లాసు పొద్దుటి నుంచీ దాచుకుని, అది పాకకి తెచ్చుకుని, దొప్పలో పోయించుకుని మాతోపాటు తాగేవాడు. బాప్టిస్టు చర్చి మనిషి. తాగే ముందు కళ్లు మూసుకునేవాడు.

"నీళ్లకి పార్ధనేటిరా?" అనేవాడు మావ.

"కల్లుకి సేస్తే దేవుడు ఇంటాడేటి మావా?" అనేవాడు బావ. ఆ నీళ్లు చుక్క చుక్కగా చప్పరించి, లేచి, తూలినట్టు నటించేవాడు. మేం పడీపడీ నవ్వేవాళ్లం. అంత దాహం ఉన్నవాడు మమ్మల్ని నవ్విస్తున్నాడన్న ఆలోచన నాకు బండెక్కాక గానీ వచ్చేది కాదు.

అలా పది నెలలు గడిచాయి. మే నెలలో వెళ్లేసరికి బావ మొహం, పాదాలు వాచిపోయి ఉన్నాయి. ఎప్పటిలాగే ముంత అందుకున్నాను. ఆయన దగ్గరికి వచ్చేసరికి దొప్ప బోర్లించి లేదు. రెండు చేతులతో చాచి పట్టుకున్నాడు.

"పొయ్యి బావా. ఏటలా సూస్తావు?"

"డాక్టరు వద్దన్నాడు కదా."

"డాక్టరికి దాహం తెల్దు. ఏడాదిన్నర నుంచి నాలిక ఎండిపోయి ఉన్నాది. ఒక్క దొప్ప."

వదిన వైపు చూశాను, చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మావ పట్టాల వైపు తిరిగిపోయాడు. ఎవరూ వద్దనలేదు. ఎల్లుండి ఎలాగూ ఆసుపత్రికి వెళ్తాడు, ఒక్క దొప్పకి ఏమవుతుందిలే అనుకున్నాను. సగం పోసి ఆపాను.

"కాటాలోడివి, తక్కువ తూస్తావేటి?" అన్నాడు.

నింపేశాను. బావ కళ్లు మూసుకున్నాడు. ఈసారి ప్రార్థన చాలాసేపు సాగింది. తర్వాత ఆపకుండా తాగేశాడు. గడ్డం మీదికి కారినదాన్ని కూడా వేలితో తీసి నాకాడు. "సల్లగా ఉన్నాది బావా" అన్నాడు. అంత తృప్తిగా ఉన్న మొహం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

మరుసటి నెల వెళ్లేసరికి ఆయన కూర్చునే చోట ఎవరూ లేరు. కిందటిసారి నేను వచ్చి వెళ్లిన మూడో రోజున పోయాడని వదిన చెప్పింది. నేనే చంపానన్నాను.

"నువ్వొచ్చీకి వారం ముందే ఆసుపత్రికి ఎల్లడం మానీసాడు బాబూ. ఇంక నా వల్ల కాదని ఇంట్లో సెప్పీసాడు. కల్లు పొయ్యమని మా అందర్నీ అడిగాడు. మాకు సేతులు రానేదు. నువ్వొస్తావని రోజులు లెక్కెట్టుకున్నాడు."

"మరి ఆ రోజు నాకెందుకు చెప్పలేదు వదినా?"

ఆవిడ పొయ్యిలో పుల్ల ఎగదోస్తూ, నా వైపు చూడకుండా అంది. "సెప్తే పోస్తావేటి?"

ఆ రోజు ముంత నేను పట్టుకోలేదు, వాళ్లూ ఇవ్వలేదు. తర్వాత నౌపడ లైను వేరే మెకానిక్‌కి ఇప్పించి నేను విజయనగరం వైపు మారిపోయాను. వాళ్ల మీద కోపం వచ్చింది, ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంది. వాళ్లు చెయ్యలేనిది నా చేత చేయించారు. కానీ ఆయన దాహం తీర్చిన చెయ్యి నాదే అనుకున్నప్పుడు, సిగ్గు లేకుండా కాస్త సంతోషం కూడా వేస్తుంది.

ముంజలు కట్టిచ్చిన తాటాకు మూడో రోజుకి ఎండి ముడుచుకుపోతే, మా ఆవిడ తీసి అవతల పారేసింది. అన్ని ఊళ్లలో అన్ని కాటాలు సరిచేసినవాణ్ణి, ఇన్నేళ్లయినా ఆ రోజు పొయ్యాల్సిందో పొయ్యకూడనిదో ఇంకా తేల్చుకోలేకపోతున్నాను.